ఇరుగుపొరుగు సాయం: వెట్టికీ కూలికీ నడుమ

మన సాహిత్య విమర్శలో శ్రమ గురించి చాలా చర్చ జరిగింది. పొలంలో శ్రమకూ, మిల్లులో శ్రమకూ, గనిలో శ్రమకూ కథలున్నాయి, కవిత్వం వుంది, సిద్ధాంతం వుంది. పక్కింటామె మనం లేనప్పుడు నీళ్లు పట్టి పెట్టిన శ్రమకు మాత్రం మన దగ్గర సరైన పేరు లేదు. డబ్బు చేతులు మారలేదు గనక దాన్ని కూలి అనలేం. ఎవరూ బలవంతపెట్టలేదు గనక వెట్టి అనలేం. "మంచితనం" అని ఒక మాట అనేసి ముందుకు పోతున్నాం. ఆ మాటతో విమర్శకుడి పని తీరదు. ఏ మనుషుల మధ్య, ఏ కాలంలో, ఏ షరతుల మీద ఆ మంచితనం సాధ్యమయిందనేది చరిత్ర చెప్పవలసిన విషయం. ఈ ప్రశ్నను ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, దాన్ని ఆనుకుని పెరిగిన తార్నాక ఆధారంగా పరిశీలించదలచుకున్నాను. నేను అక్కడే యం.ఏ. చదివాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా ఆ చుట్టుపక్కలే పంతులుద్యోగం చేస్తున్నాను. పుస్తకాల్లో దొరికిన దానికి ఆ వీధుల్లో చూసినది కూడా కొంత కలుపుతాను.

ముందుగా ఒక వాదాన్ని పక్కకు పెట్టవలసి వుంది. పూర్వం పల్లెల్లో ఒకరికొకరు అండగా వుండేవారనీ, పట్నం వచ్చాక మనిషి రాయి అయిపోయాడనీ మన కథల్లో సగానికి సగం చెబుతుంటాయి. పల్లె మీద ప్రేమ వుండటం తప్పు కాదు. అయితే పల్లెలో ఒకరి పని మరొకరు చేయడం రెండు రకాలుగా వుండేది. మొదటిది బదులు. ఇవ్వాళ నీ పొలంలో నాటుకు నేనొస్తే, ఎల్లుండి నా పొలంలో కోతకు నువ్వొస్తావు. రెండోది వెట్టి. నిజాం రాజ్యంలో దేశ్‌ముఖుల గడీలకు చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టి ఇచ్చి కబుర్లు మోయాలి, బోయీలు మేనా మోయాలి. సంస్కృతంలోని "విష్టి" తెలుగులో "వెట్టి" అయింది. మాట అంత పాతది, పని కూడా అంత పాతది. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభ నాటి నుంచి ఈ వెట్టి మీద చర్చ సాగి సాగి, చివరికి సాయుధ పోరాటంలో తేలింది.

దూరం నుంచి చూస్తే రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఒకరు మరొకరి ఇంటికి నీళ్లు మోస్తున్నారు, పైసా అడగటం లేదు. చూసినవాడు, ముఖ్యంగా కవి అయినవాడు, "ఎంత ఆత్మీయత!" అనుకునే ప్రమాదం వుంది. తేడా తెలియాలంటే అడగవలసిన ప్రశ్న ఒకటి వుంది: రేపు ఈమె ఇంట్లో పని పడితే ఆ ఇంటివాళ్లు వస్తారా? దానికి ముందు మరొకటి: ఇవ్వాళ ఈమె రానంటే ఏమవుతుంది? దొర ఇంటికి రానన్న చాకలికి ఏమవుతుందో వట్టికోట ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి" చదివినవాళ్లకూ, దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు" చదివినవాళ్లకూ వేరే చెప్పనక్కరలేదు. ఆళ్వారుస్వామి చిన్నతనంలో ఇతరుల ఇళ్లలో వంటపని చేస్తూ చదువుకున్నవాడు. ఇంకొకరి ఇంట్లో గిన్నె కడగడం ఎప్పుడు ఆదరణ అవుతుందో, ఎప్పుడు చాకిరీ అవుతుందో ఆయనకు చేతులతోనే తెలుసు.

వెట్టి చేసిన చేతులే బదులు అందుకున్న సందర్భం తెలంగాణ చరిత్రలో ఒకటి మనకు స్పష్టంగా కనిపిస్తుంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకుని పంట పండించింది. విసునూరు దేశ్‌ముఖు ఆ పంటను కోసుకురమ్మని మనుషుల్ని పంపాడు. సంఘం వాళ్లు వాళ్లను వెళ్లగొట్టి, తామే కోసి, కొట్టి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. దీన్ని మనం భూపోరాట ఘట్టంగా చదువుతాం. అది న్యాయమే. కాని ఆ రోజు ఆ పొలంలో జరిగిన పని ఏమిటి? కోత. కట్ట కట్టడం. మోత. రోజూ ఊళ్లో జరిగే పనే. తరతరాలుగా ఊరందరి మురికీ ఉతికిన కులంలో పుట్టిన స్త్రీ ఇంటికి ఊరు తన చేతులతో పని చేసి పెట్టింది. వెట్టి ఆనవాయితీని తలకిందులు చేసింది ఆ కోతే అని నా అభిప్రాయం. ఐలమ్మ 1985లో కన్నుమూసింది. ఒకప్పుడు ఉస్మానియాలో భాగంగా వున్న కోఠీ మహిళా కళాశాల ఇప్పుడు విశ్వవిద్యాలయమై ఆమె పేరు పెట్టుకుంది.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" ఈ సందర్భంలో మళ్లీ చదవదగింది. అందులో పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ గొంతుతో మాట్లాడతారు. దళాలకు అన్నం వండిన పని, దాచిన పని, కబురు అందించిన పని పోరాటం లెక్కలోకి పూర్తిగా ఎందుకు రాలేదన్న ప్రశ్న ఆ పుస్తకమంతటా వినిపిస్తుంది. వాళ్ల మాటల్లో "సాయం" అన్న పదం దగ్గర ఆగి చూడండి. సాయం అన్నప్పుడు అసలు పని మరెవరిదో అవుతుంది.

ఇక భాష సంగతి. బదులు అన్న మాటకు మనకు రెండర్థాలున్నాయి, ఒకటి జవాబు, మరొకటి అప్పు. చేబదులుకు కాగితం లేదు, వడ్డీ లేదు, గడువు కూడా నోటి మాటే. అయినా మరిచిపోకూడదు. తోడు అన్న మాట ఇంకా గొప్పది. దారిలో పక్కన నడిచేవాడు తోడు. పాలు పెరుగు కావడానికి పక్కింటి నుంచి చిన్న గిన్నెలో తెచ్చుకునే చెంచాడు పెరుగూ తోడే. తోడుకు తెచ్చిన పెరుగును ఎవరూ కొలిచి తిరిగి ఇవ్వరు. మరో రోజు వాళ్లింట్లో పెరుగు అయిపోతే మనింటి గిన్నె అటు పోతుంది. ఒకప్పుడు పొయ్యి రాజేయడానికి పిడక మీద నిప్పు తెచ్చుకున్న పద్ధతీ ఇలాంటిదే. ఈ మాటలన్నీ ఆడవాళ్ల వాడుకలో బతికాయి. నిఘంటుకారులు వాటికి అర్థాలు రాశారు గాని, వాటి వెనక వున్న లెక్కల పద్ధతిని ఎవరు రాయాలి?

ఆ లెక్కకు ఒక ఆధారం ఉస్మానియాలోనే పోగయింది. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసి 1956లో డాక్టరేటు పొందారు. తెలుగు శాఖలో అది తొలి డాక్టరేటు. నాయని కృష్ణకుమారి జానపద గేయగాథల మీద పనిచేశారు. ఊళ్లలో దంపుడు పాటలు, విసురు పాటలు, నాటు పాటలు విని రాసుకుని, గ్రానైటు భవనంలోకి తెచ్చిన తరం అది. ఈ పాటల లయ ఎక్కడి నుంచి వచ్చింది? ఒకే రోట్లో ఇద్దరో ముగ్గురో ఆడవాళ్లు రోకళ్లు వేయాలి. ఒకరి రోకలి లేచేసరికి మరొకరిది దిగాలి. వరస తప్పితే రోకలికి రోకలి తగులుతుంది. పాట ఆ వరసను కాపాడుతుంది. ఇసుర్రాయి దగ్గర ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడిని తిప్పుతారు. అంటే ఆ గేయం ఒంటరి గొంతు కోసం పుట్టలేదు. పక్కింటామె వచ్చి రోకలి పట్టుకుంటేనే పుట్టింది. ఛందస్సు పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లల చేత బల్ల మీద ఇలాగే తాళం వేయిస్తుంటాను. మూడో పిల్లవాడు చేరేసరికి తరగతి అల్లరై, పాఠం అక్కడితో ఆగుతుంది.

అయితే ఒక చిక్కు. అదే దంపుడు పాట కూలికి దంచే ఆమె కూడా పాడుతుంది, గడీలో వెట్టికి దంచే ఆమె కూడా పాడుతుంది. మన జానపద పరిశోధన పాటను సాధారణంగా పనిని బట్టి విభజించింది: దంపుడు, విసురు, కలుపు, కోత. ఆ దంపుడు ఎవరి ఇంట్లో, ఏ ఒప్పందం మీద జరిగిందన్నది పాట పక్కన అరుదుగా నమోదైంది. బియ్యం మిల్లులూ పిండి గిర్నీలూ వచ్చాక ఆ పాట ఆగింది. ఇప్పుడు అడుగుదామన్నా చెప్పేవాళ్లు చాలా మంది పోయారు.

తార్నాక కథకు వద్దాం. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. తోటకు తీగ కంచె, దాని దగ్గర చౌకీ వుండటంతో ఆ పేరు వచ్చిందంటారు. 1918లో నగరం నడుమ మొదలైన విశ్వవిద్యాలయం తర్వాత అడిక్‌మెట్ దిక్కుకు తరలింది. ఆ నేల ఒకప్పుడు ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి చందా జాగీరు. ఆర్ట్స్ కళాశాల భవనాన్ని 1939 డిసెంబరు 4న ప్రారంభించారు. బెల్జియం దేశస్థుడు జాస్పర్ గీసిన నమూనా గురించీ, అందులో కలిసిన హిందూ ముస్లిం శిల్పరీతుల గురించీ ప్రతి పుస్తకంలో వుంటుంది. రాయి కొట్టినవాళ్ల గురించి వుండదు. ప్రాంగణం అంచున వున్న మాణికేశ్వర్ నగర్‌కు పాత పేరు వడ్డెర బస్తీ. ఆ భవనాల రాయిని మా పెద్దలే కొట్టారని బస్తీలో చెప్పుకుంటారు. రాతిపని వడ్డెర్ల కులవృత్తి. బండ ఒక్కడి వల్ల లేవదు గనక పక్కగుడిసె మనిషి చెయ్యి వాళ్లకు రోజువారీ అవసరం. ఇక్కడ ఇరుగుపొరుగు సాయం అలంకారంగా పుట్టలేదు, బరువులోంచి పుట్టింది.

మరో పక్క లాలాగూడ. 1893 నాటి రైల్వే వర్క్‌షాపు, దాని చుట్టూ క్వార్టర్లు. తార్నాక, హబ్సిగూడల వైపు తర్వాత వచ్చిన పరిశోధనా సంస్థలు: పోషకాహార సంస్థ, రసాయన సంస్థ, భూభౌతిక సంస్థ, తర్వాత కణజీవశాస్త్ర సంస్థ. వీటి ఉద్యోగులు, విశ్వవిద్యాలయ అధ్యాపకులు, గుమాస్తాలు, రైల్వేవాళ్లు వచ్చి ఇళ్లు కట్టుకున్నారు. వీధులకు పేర్లు పెట్టే ఓపిక లేక అంకెలు పెట్టుకున్నారు, ఒకటో వీధి, రెండో వీధి అంటూ. 1956 తర్వాత కోస్తా నుంచి వచ్చినవాళ్లు, నల్లగొండ, వరంగల్లుల నుంచి వచ్చినవాళ్లు, తమిళులు, మరాఠీలు, ఉర్దూ మాట్లాడేవాళ్లు ఒకే వీధిలో పడ్డారు. వీళ్లలో ఒకరి తాత మరొకరి తాతకు దొర కాడు. ఒకరి భూమిని మరొకరు కౌలుకు చేయలేదు. దాదాపు అందరిదీ నెలజీతం. బదులు పనికి కావలసిన సమానత, పల్లె కన్నా ఈ అంకెల వీధుల్లోనే ఎక్కువ దొరికిందని నేను చెప్పదలచుకున్నాను. పట్నం మనిషిని రాయి చేస్తుందన్న వాదానికి ఇది ఎదురు సాక్ష్యం.

ఆ కాలపు అవసరాలు కూడా అలాంటివే. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చే వేళకు ఇంట్లో మనిషి లేకపోతే పక్కింటివాళ్లే బిందెలు నింపాలి. గ్యాసు కనెక్షనుకు ఏళ్ల తరబడి వేచి వున్న రోజుల్లో, దొరికాక కూడా రెండో బండ లేని ఇళ్లలో, మధ్యలో గ్యాసు అయిపోతే వంట పక్కింటి పొయ్యి మీదికి పోయేది. ఫోను వీధికి ఒకటో రెండో. కార్డుల మీద, దరఖాస్తుల మీద నంబరు పక్కన "పి.పి." అని రాసుకునేవాళ్లం. ఆ రెండక్షరాల అర్థం, ఫోను వున్న ఇంటివాళ్లు చేతిలో పని వదిలి, మూడిళ్లవతలికి వచ్చి పిలుస్తారని. చావు కబురైనా, ఉద్యోగం కబురైనా ముందు తెలిసేది వాళ్లకే. గిర్నీకి పోయే పిల్లవాడి చేతికి మరో డబ్బా తోడయ్యేది. వరసలో నిలబడిన పిల్లవాడు ఎవరి గోధుమలు ఎవరివో గుర్తుపెట్టుకోవాలి. ఉత్తరం చదివి పెట్టడం, మనియార్డరు ఫారం నింపి పెట్టడం మా పంతుళ్ల వంతు.

పండగ పనుల్లో సకినాల పని ప్రత్యేకంగా చెప్పాలి. సంక్రాంతి ముందు తెలంగాణ ఇళ్లలో సకినాలు ఒక్కచేతి మీద తేలే పని కాదు. నానిన బియ్యం పిండి, నువ్వులు, వాము కలిపి, పరిచిన బట్ట మీద చేతి వేళ్లతో చుట్టు మీద చుట్టు తిప్పాలి. యంత్రం లేదు, అచ్చు లేదు. తడి కాస్త ఆరాక జాగ్రత్తగా ఎత్తి నూనెలో వేయాలి. కూతురికి పంపేదానితో కలిపి పెద్ద ఇంటికి వందలు కావాలి. అందుకే వరస వేసుకుంటారు. ఇవ్వాళ ఈ ఇంట్లో, రేపు ఆ ఇంట్లో. పిలవగానే ఎవరి పీట వాళ్లు తెచ్చుకుని కూర్చుంటారు. కోస్తా నుంచి వచ్చిన పొరుగామెకు మొదటి ఏడాది చుట్టు నిలవదు, విరిగిపోతుంది. మూడో ఏడాదికి ఆమె చుట్టలు మిగతావాళ్ల చుట్టల్లో కలిసిపోతాయి. ఆమె వేసవిలో ఆవకాయ కలిపితే ముక్కలు తుడవడానికి వీళ్లు పోతారు. ప్రాంతాల మధ్య అవగాహన గురించి ఎన్ని సదస్సులు జరిగాయో నాకు లెక్క లేదు. ఈ పీటల మీద జరిగినంత పని వాటిలో జరిగిందని మాత్రం అనుకోను.

ఇక్కడితో ఆపితే నేను కూడా పాత పల్లె కథకుడిలాగే అవుతాను. ఆ వరసలోకి ఎవరిని పిలిచారు? పిండి తడిపిన చోట ఎవరు కూర్చోవచ్చు? ఇంటి ముందు ఊడ్చే ఆమెకు పండగ నాడు నాలుగు సకినాలు ఇచ్చిన ఇళ్లు చాలా వున్నాయి. ఆమెను చుట్టడానికి పిలిచిన ఇళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఇవ్వడం వేరు, పిలవడం వేరు. ఇచ్చేవాడి చెయ్యి పైనే వుంటుంది. పక్కన కూర్చోబెట్టుకుంటేనే బదులు మొదలవుతుంది. నెలజీతాల వీధిలో దొర లేడు గాని కులం అద్దె ఇంటితో పాటు సామాను మోసుకుని వచ్చింది. ఇంకొకటి, ఈ వరసలన్నీ ఆడవాళ్ల వరసలు. మగవాళ్ల ఇరుగుపొరుగు సాయం చాలావరకు స్కూటరు నెట్టడం, మంచం ఎక్కించడం, శవం మోయడం దగ్గర ఆగింది. అవి పెద్ద పనులే, కాని రోజూ రావు.

1969 ఈ వీధులకు గట్టి పరీక్ష. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ఉస్మానియా విద్యార్థులు ముందు నిలిచారు. ముల్కీ, నాన్‌ముల్కీ అన్న మాటలు గుమ్మాల దాకా వచ్చాయి. కొంతకాలానికి ఊళ్లకు వెళ్లిపోయిన కుటుంబాలు తాళంచెవి పక్కింట్లోనే ఇచ్చి వెళ్లాయని ఆ తరం వాళ్ల నోట విన్నాను. మాటలు ఆగిపోయి మళ్లీ కలవని ఇళ్ల గురించి కూడా వాళ్లే చెప్పారు. రెండూ నమ్మదగ్గవే.

2009 చివర ఉద్యమం మళ్లీ ప్రాంగణాన్ని కమ్ముకున్నప్పుడు, 2010 ఫిబ్రవరిలో లాఠీలూ బాష్పవాయువూ హాస్టళ్ల మీదికి వచ్చినప్పుడు, ఆదుకున్న పొరుగు వేరే దిక్కు నుంచి వచ్చింది. మాణికేశ్వర్ నగర్ ఇళ్లు తలుపులు తీశాయి. తరుముకొస్తుంటే పరుగెత్తిన పిల్లల్ని లోపలికి లాగి, అన్నం పెట్టి, దాచారు. దీన్ని ఉద్యమ ఘట్టంగా రాసినవాళ్లున్నారు. ముందు నుంచీ వున్న సంబంధాన్ని రాసినవాళ్లు తక్కువ. హాస్టల్లో చోటు దొరకని పల్లె పిల్లలకు తక్కువ అద్దెకు గది దొరికేది ఆ బస్తీలోనే. నా చదువు రోజుల్లో జ్వరం వచ్చి పడుకున్న విద్యార్థికి గంజి కాచి ఇచ్చేది గది యజమానురాలే. ఆమె పిల్లల లెక్కల పుస్తకం ముందు సాయంత్రాలు కూర్చునేది విద్యార్థి. ఆ పిల్లలకు ప్రాంగణం పక్కనే వున్నా, అందులో సీటు దూరం. ఇద్దరికీ ఒకరి అవసరం మరొకరికి తెలుసు. 2010లో తెరుచుకున్న తలుపులు అంతకు ముందు ఏళ్ల తరబడి రోజూ తెరుచుకుంటున్నవే.

సాయాన్ని పైనుంచి ఆజ్ఞాపిస్తే ఏమవుతుందో కూడా చరిత్ర చెబుతుంది. ఇండొనేసియాలో "గోతోంగ్ రోయోంగ్" అంటే కలిసి బరువు మోయడం. సుకర్ణో 1945లో దాన్ని జాతి సూత్రంగా చెప్పాడు. సుహార్తో పాలనలో అదే మాట పేరిట పల్లె జనం చేత కూలి లేని పని చేయించారు. మన దగ్గర 1997లో మొదలైన జన్మభూమిలోనూ శ్రమదానం వుండేది. చెట్టు నాటడం మంచిదే, రోడ్డు ఊడ్చడం మంచిదే. కాని హాజరు వేసే దానం ఎలాంటిది? బదులు అన్న మాట అక్కడ పనిచేయదు, ఎందుకంటే రేపు ప్రభుత్వం మన ఇంటికి బిందె నింపడానికి రాదు. గురజాడ 1910లో దేశభక్తి గేయం రాసినప్పుడు దేశాన్ని పొరుగువాడి దగ్గర మొదలుపెట్టాడు. మన ప్రభుత్వాలు పొరుగును దేశం దగ్గర మొదలుపెట్టాయి.

ఇప్పటి తార్నాకలో పాత ఇళ్లు చాలావరకు అపార్టుమెంట్లయ్యాయి. 2017 నుంచి మెట్రో నడుస్తోంది. మోటారు నీళ్లు ఎక్కిస్తుంది, గ్యాసు బండ గుమ్మం ముందుకు వస్తుంది, ఫోను అందరి జేబులోనూ వుంది. పొరుగుతో పడే పని తగ్గింది, పొరుగు కూడా తగ్గింది. చేయవలసిన పనిని బస్తీల నుంచి వచ్చే ఆడవాళ్లు జీతానికి చేస్తున్నారు. దీన్ని పతనం అని విలపించే కథలు నాకు రుచించవు. జీతం తీసుకునే ఆమె మానేయగలదు, మరో ఇల్లు చూసుకోగలదు. గడీలో ఆమె ముత్తవ్వకు ఆ వీలు లేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటిపనిని కనీస వేతనాల కిందికి తెచ్చింది. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల హక్కులకు ఒప్పందం రాసింది. వాటి అమలు ఎంతన్నది వేరే వ్యాసం. కాని "ఆమె మా ఇంటి మనిషే" అంటూ జీతం పెంచని ఇంట్లో ఆ ఆత్మీయత వెట్టి వైపు నుంచి వస్తున్నదని గుర్తించడానికి మన కథకులకు ఇంకా చూపు రావలసి వుంది.

సంక్రాంతికి సకినాలు ఇప్పుడు కిలో లెక్కన దుకాణంలో దొరుకుతాయి. వాటిని చుట్టేది ఆర్డరు మీద పనిచేసే ఆడవాళ్లే. మొన్న జనవరిలో అలాంటి ఒక ఇంటికి వెళ్లాను. ఆరుగురు గుండ్రంగా కూర్చున్నారు, నడుమ తడిబట్ట. వంద చుడితే ఇంతని లెక్క. ఎవరి చుట్టలు వాళ్లవి, ఎవరి లెక్క వాళ్లది. వాళ్లలో ఒకామె బాలింత, బిడ్డ ఏడిస్తే లేచి లోపలికి పోయింది. ఆమె తిరిగి వచ్చేసరికి ఆమె పీట ముందు ఇరవై దాకా సకినాలు వున్నాయి. అటు పక్కామెను, ఇటు పక్కామెను చూసింది. ఇద్దరూ తల ఎత్తలేదు.